సెకండ్‌హ్యాండ్ ట్రాక్టరు కొంటున్నారా? మీరూ వెళ్ళి చూడండి!

నిరుడు, అంటే 2025లో, దసరాకు ముందు మాట. పొద్దున్నే పప్పు పొయ్యి మీద పెట్టి తాలింపుకు వెల్లుల్లి చితక్కొడుతుంటే ఫోను మోగింది. దేవరకద్ర వైపు పల్లెలో ఉండే మా ఆడబిడ్డ. గొంతులో సగం సంబరం, సగం భయం.

"వదినె, ట్రాక్టరు తీసుకుందమంటుండు మీ అన్న. అయిదేండ్ల బండట. ఆరు వందల నలభై గంటలే తిరిగిందట. నా పుస్తెలతాడు, గాజులు బ్యాంకుల పెడదమంటుండు. నువ్వేమంటవ్?"

"బంగారం ఎవరిది?" అన్నాను.

"నాదే."

"మరి బండి చూడ్డానికి నువ్వూ పో."

"నేను పోయి ఏం జూస్త వదినె! నాకేం దెలుస్తది?"

చూశారా, ఇదీ మనతో వచ్చిన చిక్కు! కిలో కందిపప్పు కొనాలంటే అరచేతిలో పోసుకుని పుచ్చులున్నాయేమో చూస్తాం. మూడు వందల రూపాయల చీరకి కూడా అంచు తిరగేసి, కొంగు వెలుతురుకి పట్టి, నాలుగు కొట్లు తిరిగి గానీ డబ్బు తియ్యం. అదే నాలుగైదు లక్షల వస్తువు ఇంటికి వస్తుంటే, అదీ మన మెడలో గొలుసు తాకట్టు పెట్టి వస్తుంటే, "అది మగవాళ్ళ సంగతి లెండి" అని వంటింట్లో కూర్చుంటాం. బండి మంచిదైతే సరే. కాకపోతే? వాయిదాలు కట్టలేక వేలం నోటీసు వచ్చేది మన గాజులకే.

అందుకని ఈసారికి ఊరగాయల కబుర్లు పక్కన పెట్టి ట్రాక్టరు కబుర్లు చెప్పుకుందాం. నవ్వకండి. మా పుట్టింట్లో ఇరవై ఏళ్ళు ట్రాక్టరు ఉండేది. నాన్నగారికి గ్రీజు డబ్బా అందిస్తూ పెరిగినదాన్ని. నాకు తెలిసిన నాలుగు మాటలూ, మా ఆడబిడ్డ ఆ బండి దగ్గర కనిపెట్టిన పది సంగతులూ కలిపి చెబుతున్నాను.

మీటరు చెప్పే గంటలు

కారుకి కిలోమీటర్లు చూసినట్టే ట్రాక్టరుకి గంటలు చూస్తారు. డ్రైవరు ఎదురుగా ఉండే మీటరులో ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అంకెలు పడుతుంటాయి. వ్యవసాయ ఇంజనీరింగు లెక్కల్లో ట్రాక్టరు ఆయుష్షు సుమారు 10,000 గంటలు, ఏడాదికి 1,000 చొప్పున పదేళ్ళు అని వేసుకుంటారు. ఆ లెక్కన 640 గంటల బండి అంటే ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. "తక్కువ గంటలు" అన్న మాటకు అంత గిరాకీ ఉండేది అందుకే. ఆ ఒక్క మాట మీదే ధర యాభై వేలు, లక్ష పైకి లేపుతారు కూడా.

అయితే ఆ అంకెని గుడ్డిగా నమ్మడానికి వీల్లేదు. పాత రకం మీటర్లు చాలావరకు ఇంజనుతో పాటు తిరిగే ఒక కేబులు వల్ల నడుస్తాయి. ఇంజను ఒక నిర్ణీత వేగంలో తిరిగినప్పుడే గోడగడియారం గంటకీ, మీటరు గంటకీ సరిపోతుంది. నెమ్మదిగా తిరిగితే మీటరు వెనకబడుతుంది. కేబులు తెగిందంటే ఇక బండి రాత్రింబవళ్ళు తిరిగినా అంకె కదలదు. తెగిందని తెలిసీ నెలల తరబడి వేయించని వాళ్ళున్నారు. ఎవరికి నష్టం చెప్పండి? అమ్మేటప్పుడు లాభమే కదా! మీటరు మొత్తం మార్చేస్తే సరేసరి, మళ్ళీ సున్నా నుంచి మొదలు.

పెబ్బేరు సంతలో ఎడ్లు కొనే రైతు, బేరగాడు చెప్పిన వయసు నమ్మి డబ్బిస్తాడా? నోరు తెరిచి పళ్ళు చూసుకుంటాడు. ట్రాక్టరుకి కూడా పళ్ళు ఉన్నాయి. అవి మీటరులో కాకుండా వేరే చోట్ల ఉన్నాయి, అంతే తేడా.

మాటల్లో దొరికిపోయిన గంటలు

మా ఆడబిడ్డ వెళతానంటే ఇంట్లో మొదట నవ్వారట. "నువ్వు ఆడికొచ్చి ఏం జేస్తవ్?" అన్నాడు అన్నయ్య. "నా పుస్తెలతాడు వస్తుంటే నేను రావొద్దా?" అని చెప్పులేసుకుని ముందు నడిచింది. తెలిసిన మెకానిక్‌నొకణ్ణి కూడా వెంట తీసుకెళ్ళారు.

రోడ్డు పక్కన షెడ్డు. కడిగి, రంగు వేసి, టైర్లకు నల్లగా మెరుపు పూసి పెళ్ళికొడుకులా నిలబెట్టారు బండిని. మధ్యవర్తి మాటకారి. ఎవరో చదువుకున్నాయన బండి అని, ఇంటి ముందు నిలబెట్టడమే తప్ప తిప్పలేదని మొదలుపెట్టాడు. చాయ్ వచ్చింది. చాయ్‌తో పాటు ఉత్సాహమూ వచ్చింది. "అన్నా, బండి కాదు, లక్ష్మి! పోయిన వానకాలం ఒక్కదాంట్లనే కిరాయిలకు రెండు లక్షలు సంపాయించింది" అన్నాడు.

మా ఆడబిడ్డ మహిళా సంఘంలో పుస్తకాలు రాస్తుంది. లెక్క విన్నాక ఊరుకోదు. వాళ్ళ ఊళ్ళో గంటకు వెయ్యి రూపాయలు వేసుకున్నా రెండు లక్షలంటే 200 గంటలు. అది ఒక్క వానకాలానికే. అయిదేళ్ళలో వానకాలాలు అయిదు, యాసంగులు అయిదు. సగం సీజన్లే తిప్పారనుకున్నా వెయ్యి గంటలు దాటాలి. మరి మీటరులో 640 ఎట్లా ఉంది? ఆమె ఏమీ అనలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

మీరూ ఈ పని చెయ్యండి. యజమానిని నేరుగా "ఎన్ని గంటలు తిరిగింది?" అని అడిగితే మీటరులో ఉన్నదే చెబుతాడు. భూమి ఎంత, ఏం పంటలు వేస్తారు, డ్రైవరు ఇంటి మనిషా జీతగాడా, కిరాయికి తిప్పారా అని మామూలు మాటల్లో అడగండి. గొర్రు ఒకసారి తిప్పాలంటే ఎకరానికి సుమారు గంట పడుతుంది. పదెకరాల రైతు రెండు పంటలకూ పంటకు మూడు నాలుగు సార్లు దున్నినా ఏడాదికి అరవై ఎనభై గంటలే. అలాంటి ఇంట్లో అయిదేళ్ళ బండికి 400 గంటలే ఉన్నాయంటే నమ్మవచ్చు. నిజంగా తక్కువ తిరిగిన బళ్ళు లేవని కాదు నేననేది. ఇంటివాళ్ళ కథకీ, మీటరుకీ పొత్తు కుదరాలి.

అరుగుదల అబద్ధం చెప్పదు

మన ఇంటి గడప చూడండి, అడుగు పడే చోటే పల్లంగా ఉంటుంది. రోకలి చెయ్యి పట్టే చోటే నున్నగా ఉంటుంది. ట్రాక్టరుకి కూడా అంతే. క్లచ్, బ్రేకు పెడళ్ళ మీద గరుకు గీతలో, రబ్బరు తొడుగో ఉంటుంది. ఆరేడు వందల గంటల బండికి ఆ గీతలు ఇంకా చేతికి తగలాలి. గీతలు చెరిగి, ఇనుము అద్దంలా మెరుస్తుంటే అనుమానించండి. మరీ తెలివైనవాళ్ళు కొత్త రబ్బరు తొడుగుతారు. అప్పుడు పెడల్ మొదట్లో పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. అరిగిన కీలు గజ్జెల్లా ఆడుతుంది.

తర్వాత స్టీరింగు చక్రం, గేరు రాడ్డు తలకాయ, సీటు. సీటు కొత్తదై, కింద స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే సీటు ఎందుకు మార్చారో అడగాలి. మీటరు పలక చుట్టూ ఉండే స్క్రూలు చూడండి. మిగతా స్క్రూలన్నీ దుమ్ముపట్టి, ఆ నాలుగూ గీసుకుపోయి మెరుస్తున్నాయంటే ఎవరో విప్పారన్నమాట.

ఇప్పుడు వెనక్కి రండి. ట్రాలీ తగిలించే కొక్కెం, దాని పిన్ను, పిన్ను దూరే రంధ్రం. ఆ రంధ్రం గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ బండి దుక్కి దున్నడమే కాదు, ఎంతో బరువు లాగిందని అర్థం. గొర్రును లేపే చేతుల దగ్గర పిన్నులు, రంధ్రాలు కూడా అంతే. వెనక నడుమ, రోటావేటరు తిప్పడానికి బయటికి వచ్చి ఉండే ఇరుసు (పి.టి.ఓ. అంటారు) మీద నిలువు గాళ్ళుంటాయి. వాటి అంచులు కరుగ్గా ఉన్నాయా, చీకిన చెరకుముక్కలా మొద్దుబారాయా చూడండి.

టైర్లది ఇంకో కథ. చాలా టైర్ల పక్కగోడ మీద చిన్న కోలగడిలో నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1423 అంటే 2023లో 14వ వారంలో తయారైంది. మా ఆడబిడ్డ కొంగుతో మెరుపు తుడిచి చదివింది సరిగ్గా ఇలాంటి అంకెనే. బండి 2020 మోడలు, వెనక టైర్లు 2023వి! ఆరు వందల గంటలకే రెండు పెద్ద టైర్లూ అరిగిపోయి కొత్తవి వేయించాల్సి వచ్చిందా? పొలంలో టైరు అంత త్వరగా అరగదు. తారు రోడ్డు మీద బరువు లాగితేనే అరుగుతుంది. ఎండకి పగిలో, మేకు దిగి చీరుకుపోయో ఒకటి మార్చారంటే అర్థముంది. రెండూ ఒకేసారి మారాయంటే జవాబు కావాలి.

"ఈ టైర్లు ఎప్పుడేయించిన్రన్నా?" అని మెల్లగా అడిగిందట. మధ్యవర్తి ముఖం చిన్నబోయింది. "అమ్మకు అన్నీ తెలుసునట్టుంది" అని నవ్వబోయాడు. మా అన్నయ్య నవ్వలేదు.

రంగు సంగతి ఒక్క మాట. కొత్త రంగు తప్పేం కాదు, కానీ రంగు ఎక్కడ పడిందో చూడాలి. రబ్బరు పైపుల మీద, వైర్ల మీద, గ్రీజు కొట్టే మూతుల మీద కూడా తుంపర్లు పడి ఉంటే హడావిడిగా కప్పిపుచ్చిన వ్యవహారం.

తిరగని బండికీ జబ్బులుంటాయి

సరే, గంటలు నిజమే అని తేలింది. అంతటితో అయిపోలేదు. ఇనప్పెట్టెలో ఏళ్ళ తరబడి మడిచిపెట్టిన పట్టుచీర ఏమవుతుంది? ఒక్కసారి కూడా కట్టకపోయినా మడతల దగ్గర చిట్లుతుంది. నిలబెట్టిన ట్రాక్టరూ అంతే. బ్యాటరీ చచ్చిపోతుంది. డీజిలు ట్యాంకులో నీటి చెమ్మ చేరి అడుగున తుప్పు పడుతుంది. నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు ఎండి బిరుసెక్కి, బండి తిప్పడం మొదలుపెట్టిన నెలలోనే కారడం మొదలుపెడతాయి. మన మహబూబ్‌నగర్ ఎండలకి టైరు పక్కగోడలు చేనులో నెర్రెల్లా బీటలు వారతాయి. ఎలుకలు బానెట్ కింద గూడు కట్టి వైర్లు కొరుకుతాయి. ఇంజను ఆయిలు గంటలు నిండకపోయినా కాలం గడిస్తే మార్చాల్సిందే. "అసలు తిప్పలేదు కదమ్మా, ఆయిలెందుకు మారుస్తాం" అని గొప్పగా చెప్పే యజమాని దగ్గర కొంచెం జాగ్రత్త.

ఇలాంటి బండి కొనకూడదని కాదు. బ్యాటరీ, ఆయిళ్ళు, ఫిల్టర్లు, పైపులు, సీళ్ళు వీటన్నిటికీ ఎంతవుతుందో మెకానిక్ చేత అక్కడే కాగితం మీద రాయించి, ఆ మొత్తం ధరలోంచి తగ్గించమని అడగండి.

చెలక బండా, కరిగెట బండా?

మన జిల్లాలో ఇది ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్న. ఒకప్పుడు ఇక్కడి ట్రాక్టర్లు ఎర్ర చెలకల్లో జొన్నకీ, ఆముదానికీ, వేరుశనగకీ దున్నేవి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్ళు వచ్చిన ఊళ్ళల్లో ఇప్పుడు వరిమళ్ళు. కరిగెటలో ఇనుప చక్రాలు వేసుకుని బురదలో దిగిన బండికి గంటలు తక్కువే పడవచ్చు గానీ, చెలకలో వంద గంటలూ బురదలో వంద గంటలూ ఒకటి కావు. నీళ్ళూ బురదా ఇరుసుల్లోకి, బ్రేకుల్లోకి, గేరుపెట్టెలోకి దూరతాయి.

దీన్ని పట్టే ఉపాయం మా నాన్నగారు చెప్పేవారు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే గేరుపెట్టె అడుగున ఉండే బోల్టును మెకానిక్ చేత కొద్దిగా వదులు చేయించాలి. నూనె కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి చేరి ఉంటాయి. లోపల నీళ్ళుంటే నూనె కంటే ముందు అవే చుక్కలుగా పడతాయి. నూనె మజ్జిగలా తెల్లబారి ఉన్నా అదే సంగతి. చక్రం లోపలి వైపు ఇరుసు దగ్గర నూనెతో తడిసిన మట్టి గడ్డకట్టి ఉందేమో కూడా చూడండి.

వాగుల్లో ఇసుక తోలిన బండికి కొక్కెం, క్లచ్, ముందు ఇరుసు ముందు పోతాయి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపించి పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటమంటుంది.

పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళండి

"పదింటికి రండి, బండి తయారుగా ఉంచుతా" అన్నారంటే మీరు ఏడింటికే వెళ్ళండి. వెళ్ళగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లారేదాకా ఆగండి, లేదా మర్నాడు వస్తామని చెప్పండి. ఇంజను దాచే రోగాలన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి.

స్టార్టు చేయక ముందే ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉంటే కంగారు పడకండి, డీజిలు ఇంజనులో అది మామూలే. తెల్లగా, నురగలా ఉంటే మాత్రం లోపల నీళ్ళు కలుస్తున్నాయి. రేడియేటరు మూత తీసి నీళ్ళ మీద నూనె తెట్టు కట్టిందేమో చూడండి. ఈ మూత చల్లగా ఉన్నప్పుడే తియ్యాలి సుమా! వేడి మీద తీస్తే కుక్కర్ మూత ఆవిరితో తీసినట్టే, ముఖం కాలిపోతుంది.

ఇక స్టార్టు చెయ్యమనండి. సెల్ఫ్ ఒకటి రెండు సార్లకే అందుకోవాలి. తోసి స్టార్టు చెయ్యడానికి వీలుగా బండిని దిబ్బ మీద నిలబెట్టి ఉంటే ఎందుకో మీరే ఊహించుకోండి. పొగ చూడండి. మొదట కాస్త తెల్లగా వచ్చి నిమిషంలో తగ్గిపోతే భయం లేదు. ఎంతకీ తగ్గకపోతే మెకానిక్‌ని అడగాలి. బరువు పడ్డప్పుడు నల్లపొగ వస్తే గాలి ఫిల్టరు మూసుకుపోయిందో, డీజిలు పంపు సరిగ్గా లేదో. అది కొంత ఖర్చుతో బాగయ్యేదే. నీలిపొగ, మాడిన నూనె వాసన వస్తేనే గుండె రాయి చేసుకోవాలి. ఇంజను ఆయిలు లోపల కాలిపోతోందని దాని అర్థం. మెకానిక్‌లు "ఇంజను బోరుకొచ్చింది" అంటారే, అదే. ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయించండి. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు బుస్సున పొగ ఉబికివస్తే కూడా అదే మాట. 640 గంటల ఇంజనుకి ఈ రోగం రాకూడదు.

తర్వాత గొర్రు తగిలించి హైడ్రాలిక్ లిఫ్టుతో పైకి లేపించి, ఇంజను ఆపేయమనండి. చాయ్ తాగినంతసేపు ఆగండి. గొర్రు లేపిన చోటే ఇంచుమించు నిలబడాలి. మీ చాయ్ సగమయ్యేలోపే నేలకి దిగిందంటే లిఫ్టులో పని ఉంది. అంతసేపూ పిల్లల్ని గొర్రు దగ్గరికి పోనివ్వకండి.

బ్రేకుల దగ్గర మొహమాటం వద్దు

ట్రాక్టరుకి కుడి, ఎడమ చక్రాలకు వేరు వేరు బ్రేకు పెడళ్ళుంటాయి. రోడ్డు మీద రెంటినీ కలిపి కొక్కెం వెయ్యాలి. ఆ కొక్కెం చాలా బళ్ళకి ఊడిపోయి ఉంటుంది. రెండు పెడళ్ళూ కలిపి తొక్కితే బండి ఒకవైపు లాగకుండా నిలబడుతుందా అని ఖాళీ స్థలంలో చూపించమనండి. స్టీరింగు ఎంత తిప్పితే చక్రం కదులుతోందో చూడండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మన పల్లెల్లో ట్రాక్టరు ట్రాలీలో కూలికి పోయేది ఎక్కువగా ఆడవాళ్ళే. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో కూలీల ట్రాక్టరు ఏఎంఆర్ కాలువలో పడింది. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టరు బోల్తాపడింది. రెండుసార్లూ పనికి బయల్దేరిన ఆడవాళ్ళు ఇళ్ళకు తిరిగి రాలేదు. ఆ ప్రమాదాలకు కారణాలేవైనా కానివ్వండి, బ్రేకు, స్టీరింగు దగ్గర "పర్లేదు, తర్వాత చేయిద్దాం" అనే మాట మన నోట రాకూడదు. ట్రాలీ మనుషుల్ని ఎక్కించడానికి కాదన్నది ఇంటి మగవాళ్ళకి మనమే గుర్తుచెయ్యాలి.

ఇంకొకటి. ఇందాక చెప్పిన వెనక ఇరుసు, పి.టి.ఓ., మామూలుగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దాని మీద రేకు మూత ఉందా చూడండి. పాత బళ్ళకి దాన్ని తీసి పారేస్తారు. చీరకొంగో చున్నీయో ఒక్క చుట్టు పడిందంటే అరిచే టైము కూడా ఉండదు. మూత లేకపోతే వేయించే ఇంటికి తెచ్చుకోండి.

కాగితాలు, డబ్బు

అసలు ఈ ఖర్చు అవసరమా అని ఒక రాత్రి కూర్చుని లెక్క వేసుకోండి. ఏడాదికి దున్నించుకోవడానికి కిరాయి ఎంతవుతోంది, బ్యాంకు వడ్డీ, డీజిలు, మరమ్మతు ఎంతవుతాయి? అయిదెకరాల ఇంటికి కిరాయి బండే నయమని చాలాసార్లు తేలుతుంది. మా ఆడబిడ్డ వాళ్ళకి పన్నెండెకరాలు, పైగా మరిదికి డ్రైవింగు వచ్చు కాబట్టి నేను అడ్డు చెప్పలేదు.

కొత్త బండి ధర కూడా కనుక్కునే వెళ్ళండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొత్తది చవకైనప్పుడు పాతదానికి పాత ధర చెబితే ఎలా ఒప్పుకుంటాం?

ఆర్‌సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన వాటితో అంకె అంకె సరిచూడండి. నంబరు పలక కూడా వయసు చెబుతుంది. ఏపీ 22 అని ఉంటే 2014కు ముందు ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్‌లో రిజిస్టరైనది. టీఎస్ తర్వాతది. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతది. రాయచూరు, యాదగిరి వైపు నుంచి కర్ణాటక నంబరుతో వచ్చిన బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి నిరభ్యంతర పత్రం లేనిదే ఇక్కడ పేరు మారదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను ఉండాలి, దాన్ని చాలామంది మర్చిపోతారు.

ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరో, బ్యాంకు పేరో ఉందంటే అప్పు ఇంకా తీరలేదనే అనుకోండి. "తీరిపోయింది, కాగితం వస్తుంది" అంటే ఆ కాగితం వచ్చాకే మన డబ్బు వెళ్ళాలి. బ్యాంకు ఇచ్చే పత్రమూ, ఫారం 35 కావాలి. పేరు మార్చడానికి ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు పెట్టించుకోండి. కొన్న 30 రోజుల్లోగా మన పేరుకి దరఖాస్తు చేసుకోవాలి. బీమా కూడా మన పేరుకి మారాలి. ముందుగా ఇచ్చే బయానా కొంచెమే ఇచ్చి, దానికీ రాత తీసుకోండి. బంగారం బ్యాంకుకి పోవడం అన్నిటికంటే చివరి మెట్టుగా ఉండాలి. ముందే తాకట్టు పెట్టి నోట్లు సంచిలో పెట్టుకుని వెళ్తే, ఆ సంచి బరువే తొందర పెట్టి కొనిపిస్తుంది.

తర్వాత ఏమైందంటే

ఆ మెరిసే బండిని వదిలేసి వచ్చేశారు. దారి పొడుగునా అన్నయ్య ఒక్క మాట మాట్లాడలేదట. ఇల్లు చేరాక మాత్రం "ఇంకొకటి మక్తల్ దిక్కు ఉన్నదట. రేపు నువ్వు గూడ రా" అన్నాడట.

రెండో బండి మీటరులో 1,870 గంటలు. అంటే మొదటిదానికి మూడింతలు. రంగు వెలిసింది, సీటు చిరిగింది, టైర్లు సగం అరిగాయి కానీ బండితో పాటు వచ్చినవే. కొడుకు హైదరాబాదులో ఉద్యోగానికి పోయాక తిప్పేవాళ్ళు లేక అమ్ముతున్నారు. ఆయిలు ఎప్పుడు మార్చారని అడిగితే రైతు బుర్ర గోక్కున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య నాలుగేళ్ళ క్యాలెండర్లు పట్టుకొచ్చింది. పాల లెక్క పక్కనే "ట్రాక్టరు ఆయిలు", ఎదురుగా మీటరు అంకె. మా ఆడబిడ్డ నేల మీద కూర్చుని ఒక్కొక్క నెలా తిప్పి చూసిందట. అంకెలు వరసగా పెరుగుతూ వచ్చాయి, ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఆమెకి పట్టిన లోపాలు రెండు: క్లచ్ జారుతోంది, గొర్రు కొంచెం కొంచెంగా దిగుతోంది. మెకానిక్ చేత ఖర్చు రాయించి ధరలో తగ్గించుకున్నారు. క్లచ్ పళ్ళేలకు అనుకున్నదానికంటే నాలుగు వేలు ఎక్కువే అయిందనుకోండి. గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. పుస్తెలతాడు వెళ్ళాల్సిన అవసరం పడలేదు.

మొన్న సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్తే సకినాల పిండి తడుపుతూ గోడ మీద క్యాలెండరు చూపించింది. పాలు అర లీటరు, గ్యాసు బండ వచ్చిన తేదీ, చిన్నవాడి ఫీజు, వాటి కింద ఎర్ర పెన్నుతో "ట్రాక్టరు 2,015, ఆయిలు, ఫిల్టరు."